దిష్టి చుక్క పెట్టే కెమెరా

మద్దేడులో బస్సు ఆగే చోట దుర్గమ్మ చాయ్ హోటల్ ఉంది. హోటల్ అంటే పైన నాలుగు రేకులు, కింద రెండు బల్లలు, ఒక పొయ్యి. వచ్చే నెలలో దుర్గమ్మ కూతురు సునీత పెళ్లి. ఫోటోలు ఎవరు తియ్యాలన్నది తేల్చేద్దామని ఆ సాయంత్రం ఇద్దరినీ పిలిచింది. ఒకరు మా రామనర్సయ్య. హిందీ రాష్ట్రం అంచున ఉన్న ఈ రోడ్డు పొడుగునా తెలుగువాళ్ల ఇళ్లల్లో ఏ గోడ మీద పెళ్లి ఫోటో చూసినా ఆయన తీసిందే. రెండోవాడు భోపాలపట్నం కుర్రాడు నాగార్జున, ఈమధ్యే కొత్త కెమెరా కొన్నాడు. ఈ ఒక్క పెళ్లి చెయ్యి జారితే మిగతావన్నీ దాని వెంటే పోతాయని రామనర్సయ్యకు తెలుసు, చాయ్ తాగుతున్న మాకూ తెలుసు. అందుకే ఆయన ఆ రోజు చాలా వినయంగా మొదలుపెట్టాడు. ఆయన వినయంగా మొదలుపెట్టాడంటే మేం ఇంకో చాయ్ చెప్పి సర్దుకుని కూర్చుంటాం.

నాగార్జున కెమెరాను బల్ల మీద పెట్టి ఆన్ చేశాడు. అది ఒక్క క్షణం లోలోపలే గుర్రుమంది.

“ఏందిరా అది?” అన్నాడు రామనర్సయ్య.

“లోపల ధూళి పడితే తనంతట తనే దులుపుకుంటది మామా. కొత్తవాటికి ఉంటది.”

రామనర్సయ్య తన పాత కెమెరాను సంచిలోంచి తీసి దాని పక్కన పెట్టాడు. అంచుల్లో నలుపు పోయింది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించాడు.

“కొత్తదాన్ని నేనేమననురా నాగార్జునా. మంచిగనే ఉన్నది. తెర పెద్దగున్నది, తీసిన ఫోటో తీసినట్టే సెల్లుకు పోతది, ఒక్కసారి నొక్కితే టపటపటప వడగండ్ల లెక్క కొడ్తది, అందుల ఏదో ఒకటి కుదుర్తది. నాది అట్ల కాదు, ఒక్కసారే ఠక్కుమంటది. అది గూడ ఎంబడే అనది. నేను నొక్కుత, అది జరసేపు మనిషిని చూస్తది, తియ్యాల్నా వద్దా అని ఆలోచన చేస్తది, అప్పుడంటది.”

“బ్యాటరీ అయిపోయి ఉంటది,” అన్నాడు ట్రాక్టర్ నడిపే హిడ్మా.

“నువ్వు చాయ్ తాగు. ఇగ ధూళి ముచ్చట. నాది దులుపుకోదు. ఎందుకు దులుపుకోదో చెప్త ఇను. ఈ రోడ్డు ఏస్తున్నప్పటి మాట. లారీ పోయిందంటే ఎదురుంగ ఉన్న మనిషి చానసేపు కనపడకపోయేది, దుర్గమ్మను అడుగు. ఆ దినాలల్ల తర్రెం అవతల ఒక పెండ్లికి పోయిన. మండపం కాడ లెన్సు మారుద్దామని ఒకటి ఇప్పిన, ఇంకోటి పెట్టాలె, ఆ సందుల ఒక్క ధూళి రవ్వ లోపలికి పోయింది. నేను చూస్తనే ఉన్న. పోతూ పోతూ నా దిక్కు చూసింది.”

“ధూళి నీ దిక్కు చూసింది,” అంది దుర్గమ్మ చాయ్ వడపోస్తూ.

“చూసింది చెల్లే. నాకప్పుడు సమజ్ కాలే. ఇంటికొచ్చి చూస్తే పెండ్లిపిల్ల బుగ్గ మీద నల్లగ ఒక చుక్క. పిల్ల తండ్రి ఎసుంటోడనుకున్నవ్, అడివిపంది ఎదురైతే పందే పక్కకు జరగాలె. ఫోటోలు చేతిల పెట్టి ఉరుకుదామని చెప్పులు గూడ ఇడవకుండ వాకిట్ల నిలబడ్డ. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పిల్ల నాయనమ్మ ఫోటో పట్టుకొని వలవల ఏడ్చింది. ‘పెండ్లి తొందరల పిల్లకు దిష్టి చుక్క పెట్టుడు మేం మరిచిపోతే ఈ బాబు యాది పెట్టుకొని పెట్టిండు’ అన్నది. కోడిని కోసిన్రు. తెల్లారి దాక నన్ను పోనియ్యలే.”

ఇంతవరకూ మేం నమ్మాం. అంతకు ముందు కూడా ఆయన కథలు ఇంతవరకూ నమ్మేవాళ్లం.

“మామా,” అన్నాడు నాగార్జున మర్యాదగానే, “లోపల ధూళి కూసుంటే ప్రతి ఫోటోల ఒక్క తావునే మచ్చ వస్తది. నువ్వే మనిషిని జరిపి జరిపి బుగ్గను ఆ తావుకు తెస్తవ్. మా అక్క పెండ్లిల జర కుడికి, జర కిందికి అని పిల్లకూ పిలగానికీ మెడలు పట్టేసినయ్.”

“జరగాలె మరి. పూలదండ ఏసేటప్పుడు పెండ్లిపిల్ల తల వంచదా? చుక్క కోసం జర మెడ తిప్పితే ఏం పోయింది?”

“మా బావకు పన్ను మీద పడ్డది,” అన్నాడు హిడ్మా. “గుంపుల నిలబడ్డప్పుడు తీసినవ్ గదా. ఆ ఫోటో చూసి పన్ను ఊడిందనుకొని పిల్లనిచ్చేటోళ్లు ఎనక్కి పోయిన్రు.”

“పోయిన్రా లేదా? ఆళ్ల ఇంట్ల అల్లుండ్లతోని ఎడ్ల పని చేయిస్తరని తర్వాత తెల్సిందా లేదా? అదిరా నా ధూళి అంటే. మీ బావను బతికిచ్చింది.”

హిడ్మా కాసేపు ఆలోచించి, అదీ నిజమేనన్నట్టు చాయ్ తాగాడు.

“అయినా నేను గూడ మొదట్ల దాని ఇలువ తెల్సుకోలే. తీపిచ్చేద్దామని గీదం పోయిన. ఆడ కెమెరాలు బాగు చేసేటోడు రబ్బరు బుడ్డితోని గాలి కొట్టిండు, పోలే. కుంచె పెట్టి గీకిండు. కుంచె ఎంటికలు ఊడినయ్ గని ధూళి కదల్లే. ఆనికి రోషమొచ్చింది. పెద్ద పంకా తెచ్చి ఎదురుంగ పెట్టి తిప్పిండు. దుకాణం రేకు లేచిపోయింది, పక్క దుకాణంల ఏలాడగట్టిన అంగీలు బస్టాండు దాక పోయినయ్, ఎనక కూసున్న ముసలాయన తలపాగ ఇప్పటికీ దొరకలే. ధూళి మాత్రం కూసున్నకాడ్నే కూసున్నది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఆడు రెండు చేతులెత్తి మొక్కి, ‘నర్సయ్య భాయ్, ఏ నహీఁ నిక్లేగా, ఇది పోయేది కాదు, నా దుకాణానికి గూడ ఒక ఫోటో తీసి పో’ అన్నడు. తీసిన. ఇప్పుడు పోయి చూడు, ఆని దుకాణం ముందట నిలబడనీకి జాగ లేదు.”

“రేకు లేదు గద, జనం లోపల నిలబడలేక బయట నిలబడ్తుండొచ్చు,” అంది తల్లి పక్కన నిలబడ్డ సునీత.

“ఎటకారమా బిడ్డా? నువ్వు బడిల చేరిన నాడు తీసింది నేను. నీ ఓణీల ఫంక్షన్‌కు తీసింది నేను. ఎన్నడన్న నీకు దిష్టి తగిలిందా? తగలదు. ప్రతి ఫోటోల బుగ్గన చుక్క పెట్టి ఇచ్చిన. ఈ కొత్త కెమెరాతోని తీస్తే ఏముంటది చెప్పు? ఉత్త మొకం ఉంటది. ఊరోళ్లందరి కండ్లు దాని మీద్నే పడ్తయ్.”

దుర్గమ్మ చెయ్యి గరిటె మీద ఆగింది. ఆ మాట ఆమెకు తగిలిందని రామనర్సయ్య కనిపెట్టాడు. ఇంక ఆయన్ని ఆపడం మా వల్ల కాదు.

“దుకాణానికి పనిచేస్తదని తెల్వంగనే రైతులు పట్టుకున్నరు. గోదారి ఒడ్డున ఒకాయన మిరపతోటకు తీస్కపోయిండు. తోటకు దిష్టిబొమ్మ కట్టిండు గని పక్క చేనోని చూపు ముందట అదేం పనిచేస్తది? నేను ఒక్క ఫోటో తీసిన. చుక్క పోయి నడిమిట్ల ఒక చెట్టు మీద పడ్డది. ఇగ ఆ చెట్టు పెరుగుడు మొదలువెట్టింది. మోకాలు దాటింది, మనిషిని దాటింది, కాయలు తెంపనీకి నిచ్చెన ఏసిన్రు, ఆనక నిచ్చెన మీద నిచ్చెన ఏసిన్రు. పైకి తెంపపోయినోళ్లు ఆడ్నే సద్ది తిని మాపటికి దిగెటోళ్లు. గాలి ఇటునుంచి అటు కొట్టిందంటే గోదారి అవతలి ఒడ్డున సంతల జనం తుమ్ముకుంటనే బేరం చేసిన్రు.”

“ఆ చెట్టు ఇప్పుడున్నదా?” అన్నాడు హిడ్మా.

“కొట్టి ఇంటికి దూలం ఏసుకున్నడు. ఆ ఇంట్ల కూర వండితే కారం ఎయ్యాల్సిన పని లేదు.”

సునీత చున్నీ నోట్లో కుక్కుకుంది. నాగార్జున కూడా తలొంచుకుని నవ్వుతున్నాడు. పోటీకి వచ్చానన్న సంగతి వాడు ఎప్పుడో మర్చిపోయాడు.

“మిరప చెట్టుకే ఇట్లనుకుంటే ఎట్ల? ఇంద్రావతి దిక్కు బారసాలకు పోయి వస్తున్న, బండి పంచరైంది, తోసుకుంట వస్తుంటే దారికి అడ్డంగ పులి. ఉరుకుదామంటే నా కంటె ముందే అది కూసున్నది. ఎట్ల కూసున్నది? ముందటి కాళ్లు రెండు జోడిచ్చి, మెడ జర ఎడమకు తిప్పి. నా ధూళి ఏ తావుల ఉంటదో దానికి తెల్సు.”

“దానికెవరు చెప్పిన్రు మామా?” అంది సునీత.

“అడివిల ముచ్చట దాగుతదా బిడ్డా? తీసిన. ఠక్కుమన్నది. పులి లేచి ఒళ్లు ఇరుసుకొని పోయింది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఫారెస్టోళ్లు పులుల కోసం చెట్లకు కెమెరాలు కడ్తరు గదా, నాగార్జున దాని కన్న కొత్తయి. అందుల పులి బొమ్మ పడ్డది. చూస్తే బుగ్గ మీద చుక్క! ఆళ్ల కెమెరాల ధూళి లేదు, చుక్క పులికే ఉన్నది. నా ఫోటోలకెల్లి దిగి పులికి అంటుకున్నది. సాహెబులు జీపులేసుకొని ఇంటికొచ్చిన్రు. ‘మా పులికి చుక్క పెట్టింది నువ్వేనా?’ అన్నరు. నేనే అన్న. ‘మిగిలిన వాటికి గూడ పెట్టు నర్సయ్యా, గుర్తు పట్టనీకి సులువైతది’ అన్నరు.”

“అన్నిటికీ చుక్క పెడ్తే గుర్తెట్ల పడ్తరు?” అన్నాడు హిడ్మా.

“నేనూ అదే అడిగిన. తల గోక్కుంట పోయిన్రు.”

బస్సు వచ్చి వెళ్లిపోయింది. హిడ్మా ఎక్కాల్సిన బస్సే అది. ఎక్కలేదు.

“ఇగ ఆఖరుది చెప్త, ఇది మీరు నమ్మరు,” అన్నాడు రామనర్సయ్య, అప్పటిదాకా చెప్పినవన్నీ మేం నమ్మేసినట్టు. “ఒక పున్నమికి వాకిట్ల మంచమేసుకొని పండుకున్న. ఊకెనే కెమెరా పైకి పెట్టి నొక్కిన. అప్పటి దాక చందమామ తోమిన కంచం లెక్క ఉండేది. నేను తీసినంక ఆ మచ్చ వచ్చింది.”

“అన్నా,” అంది దుర్గమ్మ, “చందమామల కుందేలున్నదని మా అమ్మమ్మ చిన్నప్పుడే అనుకున్నరు.”

“ఉండేది చెల్లే, లేదనలే. పలచగ ఉండేది. చిక్కగ చేసింది నేను. అంతకు ముందు చందమామ ఎట్లుండేది, అందరి దిష్టి తగిలి దినదినం చిక్కిపోయేది.”

“ఇప్పుడూ చిక్కిపోతనే ఉన్నది గద మామా,” అంది సునీత.

“చిక్కిపోతది గని మళ్ల కోలుకుంటున్నదా లేదా?”

రేకుల కింద ఉన్నవాళ్లందరం ఒకేసారి నవ్వాం. రామనర్సయ్య గెలిచినవాడిలా మీసం సవరించుకున్నాడు. నవ్వు సద్దుమణిగాక సునీత చున్నీతో కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

“చందమామకే చుక్క పెట్టినోనివి, ఈ కొత్త కెమెరా దిక్కు అట్ల చూస్తున్నవేంది మామా? నువ్వు కూసున్నకాడికెల్లి చూస్తున్న, నీ కన్ను దాని మీద్నే ఉన్నది. నీ దిష్టి తగిలి అది చెడిపోయేటట్టున్నది.”

మళ్లీ నవ్వాం. ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది.

“నేనా? నేనెందుకు చూస్త? ఏదిరా, ఇటియ్యి నాగార్జునా. దీంట్ల ఏమున్నదో ఏం లేదో నేనే చూపిస్త.”

నాగార్జున రెండు చేతులతో అందించాడు. రామనర్సయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. బరువే లేదు అని గొణిగాడు. ఆయన వేళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఏది ఎక్కడుందో వెతికి పట్టుకున్నాయి. “బిడ్డా, ఇటు చూడు,” అన్నాడు. సునీత ఇంకా నవ్వుతూనే ఉంది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకునే లోపే ఆయన నొక్కేశాడు. ఒక్కసారే నొక్కాడు.

తెర మీద ఫోటో చూశాడు. దీని మీద ఏ కోత కోస్తాడోనని మేం ఎదురుచూస్తున్నాం. ఆయన తెరను కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు, తలెత్తి సునీతను చూశాడు, మళ్లీ తెర చూశాడు.

“దుర్గమ్మా,” అన్నాడు మెల్లగా, “పిల్లకు ఎడం బుగ్గన సొట్ట పడ్తదా?”

దుర్గమ్మ వడపోత ఆపకుండానే చెప్పింది. “పుట్టినకాడికెల్లి పడ్తదన్నా. నీ ఫోటోలల్లనే పడలే.”

హిడ్మాకు చాయ్ పొలమారింది. మేం బల్లలు చరిచి నవ్వాం. రామనర్సయ్య నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. అట్లా కూర్చున్న మనిషిని చూస్తే పాపమనిపించి మేమే ఒక్కొక్కరం నవ్వు ఆపేశాం.

“చిన్నప్పటిసంది తీస్తున్న గదనే,” అన్నాడు. “ప్రతిసారి మెడ తిప్పి తిప్పి ఆ సొట్టనే తెచ్చి ధూళి కింద పెట్టిన. చుక్క మంచిగ పడ్డదా లేదా అని చూసుకున్న గని పిల్లను చూడలే.”

లేచి, కెమెరా పట్టీని తన చేతులతోనే నాగార్జున మెడలో వేశాడు.

“పెండ్లికి నువ్వే తియ్యిరా. ఎడం దిక్కు నిలబడి తియ్యి. గని ఒకటి, ఈ పిల్ల నవ్వకపోతే సొట్ట పడదు. పెండ్లిపీటల మీద పిల్లలు ఊకె నవ్వరు, భయపడ్తరు. నవ్విచ్చే పని నాది.”

“ఆ పని నాకు రానే రాదు మామా,” అన్నాడు నాగార్జున. “నువ్వు నా పక్కనే ఉండాలె.”

దుర్గమ్మ వేడి చాయ్ గ్లాసు తెచ్చి రామనర్సయ్య చేతిలో పెట్టింది.

“నవ్వియ్యి అన్నా. గని పులి కాడ ఆపెయ్యి. చందమామ దాక పోయినవంటే ముహూర్తం దాటిపోతది.”