మహర్నవమి నాడు ఇవ్వని కాగితం

నా పేరు వేమూరి శివపార్వతి. వయసు యాభై. పదో తరగతి చదివాను. చల్లపల్లిలో వెంకటసుబ్బారావు గారి ఆన్‌లైన్ సేవా కేంద్రంలో రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. కరెంటు బిల్లులు కట్టించుకోవడం, మంజూరైన ధ్రువపత్రాలు కంప్యూటరులోంచి ప్రింటు తీసి ముద్ర వేసి ఇవ్వడం నా పని. అబ్దుల్లా నాకు తెలుసు. మా వీధి వడ్రంగి.

2005 అక్టోబరు 11, మంగళవారం, మహర్నవమి. కేంద్రం తెరిచే ఉంచమని వెంకటసుబ్బారావు గారు చెప్పారు. ఉదయం ఏడింటికి తెరిచి ఆయుధ పూజ చేశాను. కంప్యూటరుకూ ప్రింటరుకూ గంధం, కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి, కొత్త రవికెల గుడ్డ కప్పాను. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా వాడకూడదు. మా పుట్టింట్లో నాగలి, కొడవళ్ళు అలాగే ఉంచేవారు. కిందటేడూ ఇలాగే ఉంచాను. అప్పుడు ఎవరూ రాలేదు.

పది నలభైకి అబ్దుల్లా వచ్చాడు. అన్న హుమాయూన్‌కు గుండె ఆపరేషన్ అన్నాడు. విజయవాడ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారట. ఆదాయ ధ్రువపత్రం సాయంత్రం ఐదింటిలోగా అక్కడ ఇస్తే ఈ వారం జాబితాలో పేరు ఉంటుంది, లేకపోతే వచ్చే వారమే. ఆ పత్రం సోమవారమే మంజూరైంది. నేను చూశాను.

"లైన్ లేదు బాబూ. గురువారం రా" అన్నాను.

ఇంటర్నెట్ లైన్ ఉంది. పూజ అని అతనితో చెప్పడానికి మొహమాటపడ్డాను. లైన్ లేదంటే ఎవరూ మారుమాట్లాడరు.

అతను వెళ్ళలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. పదకొండున్నరకు "వచ్చిందా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. పన్నెండుంపావుకు అడిగాడు. లేదన్నాను. ఒంటిగంటకు మజ్జిగ ఇవ్వబోయాను. "రంజాన్ గదమ్మా, రోజా ఉన్నాను" అన్నాడు. "మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్ళినా ఈపాటికి వచ్చేసేది. మీ లైన్ దానికంటే మొండిదమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. రెండింటికి అడిగాడు. లేదన్నాను. ఇక బస్సెక్కినా అందదని మూడింటికి లేచి వెళ్ళిపోయాడు.

వారం ఆగితే ఏమవుతుందిలే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం హుమాయూన్ ఇంట్లోనే పోయాడు. కాగితం ఇచ్చి ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు.

నిన్న శనివారం పదింటికి అబ్దుల్లా మరణం నమోదు చేయించడానికి వచ్చాడు. "ఇవాళ లైన్ ఉందా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఉందన్నాను. అన్న పేరు చెప్పాడు, టైపు చేశాను. వయసు చెప్పాడు. నలభై రెండు. తేదీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"మంగళవారం కూడా ఉంది బాబూ" అన్నాను. పూజ సంగతి చెప్పాను.

"మూడుసార్లు అడిగా గదమ్మా" అన్నాడు.

తర్వాత కంప్యూటరు ఎత్తి నేలకేసి కొట్టాడు. ఆ గాజు పెంకుల పక్కనే కూర్చున్నాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళేదాకా కదల్లేదు.

అబ్దుల్లా నన్ను కొట్టాడని వెంకటసుబ్బారావు గారి ఫిర్యాదులో ఉంది. కొట్టలేదు. నా అరచేతి గాయం పెంకులు ఏరుతుంటే అయింది. నిన్న సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి, "మంగళవారం లైన్ లేదనే చెప్పు పార్వతమ్మా. ఉందంటే కేంద్రం మూసేస్తారు, నీ ఉద్యోగమూ పోతుంది" అన్నారు. పొద్దున అమ్మవారి ముందు దీపం పెట్టి ఈ స్టేషనుకు వచ్చాను. లేనిది చెప్పలేను.

ఈరోజు హుమాయూన్ పోయి మూడో రోజు. సాయంత్రం వాళ్ళింట్లో జియారత్. అతనికి కొడుకులు లేరు. దగ్గరుండి ప్రార్థన జరిపించవలసింది అబ్దుల్లాయే. అప్పటికి అతన్ని వదలమని ఎస్.ఐ. గారిని అడిగాను. "అది ఇందులో రాయక్కర్లేదమ్మా" అన్నారు. రాయమని మళ్ళీ అడిగాను. రాశారు.

పైన ఉన్నవి నా మాటలే, జరిగినవే. ఎవరూ చెప్పించలేదు. చదివి వినిపించారు. ఒక్క మాట కూడా తీసివేయమని నేను అడగలేదు.

(సంతకం) వేమూరి శివపార్వతి
చల్లపల్లి, 16-10-2005, ఉదయం 11.20