మాల్ గేటుకి లోపలి తాళం

హలో… ఆ, అక్కనేరా తమ్ముడూ. తొందరగా చెప్పు, ఒకాయన కళ్ళజోడు కాడ విరగ్గొట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

…ఏంటీ? గట్టిగా మాట్లాడు. నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

మాల్‌లోనా? మూతపడ్డాక ఇంకా మేనేజర్‌కి అక్కడేం పని? ఇవాళ కూల్చేస్తున్నారని ఊరు ఊరంతా చెప్పుకుంటుంటే…

—లోపల్నించి తాళం వేసుకున్నావా!

ఒరేయ్, మతి గానీ పోయిందా నీకు?… బయట ఎవరున్నారు?… కూల్చే మిషనూ, డ్రైవరూ, కూలీలూ. భేష్. మరి నన్నేం చెయ్యమంటావు?

…ఎవర్ని? పాత షాపులవాళ్ళనా? వాళ్ళందర్నీ తోలుకొచ్చి గేటు ముందు నిలబెట్టాలా?… చెప్పుల షాపాయన వస్తాడా? నీ మాల్ పేరు ఎత్తితే లేచెళ్ళి నోరు పుక్కిలిస్తాడు. బొమ్మలావిడ బస్టాండు దగ్గర గొడుగు కింద అమ్ముకుంటోంది. నీ దగ్గరున్నప్పటికంటే ఒళ్ళు చేసింది కూడా. ఆవిడనెందుకు ఎండబెట్టడం?

…ఏంటన్నావు? మళ్ళీ అను.

చరిత్రా?

ఆగు, ఆగు. ఈయన్ని పంపించి మాట్లాడతాను… బాబుగారూ, సాయంత్రం రండి, కాడ బిగించి ఉంచుతాను… ఆ. ఇప్పుడు చెప్పరా. ఏ చరిత్ర? ఎస్కలేటర్ చరిత్రా?

…అవును, మొదటిరోజు ఊరంతా వచ్చింది. ఎవరు కాదన్నారు? కొనడానికొచ్చారా? ఎక్కడానికొచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, పైకి ఒకసారి, కిందికి ఒకసారి. నువ్వు మెడకి టై బిగించుకుని, మైకులో "కుడికాలు ముందు పెట్టండి, కుడికాలు" అని అరుపులు. ఊరందరికీ నడక నేర్పిన మొనగాడివి!

…నవ్వక ఏడవమంటావా?

సరే, తర్వాత? పై అంతస్తులో సినిమా హాళ్ళొస్తాయన్నావు. పావురాలొచ్చాయి. మధ్యలో ఫౌంటెన్ అన్నావు. అది ఏడాది తిరక్కుండానే ఎండిపోయింది. పైకప్పు మాత్రం కురవడం మానలేదు. కాస్త వానపడితే బట్టల షాపు ముందు బకెట్లు, వాటి చుట్టూ "జాగ్రత్త" అని నీ బోర్డులు. బట్టల షాపువాడు కాస్త తెలివైనవాడు, ముందే సర్దుకున్నాడు. వాడు పోయాక సగం లైట్లు ఆర్పేశావు. చీకట్లో ఎవరొస్తారురా, దొంగలు తప్ప? వాళ్ళూ రాలేదు, ఎత్తుకుపోడానికేముందని. పైన పటారం, లోన లొటారం. అదీ నీ చరిత్ర.

…బైపాస్ మీద పెద్ద మాల్ రావడం వల్లా? అంతేలే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

…మీ యజమాని ఏమంటున్నాడు మరి?… ఫోన్ ఎత్తట్లేదా! ఎందుకెత్తుతాడు? స్థలం అమ్ముకుని చేతులు దులుపుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

…

నాన్న మాట తేకు.

తేవద్దన్నానా? "నాన్న ఉంటే నా పక్కన నిలబడేవాడు" అంటున్నావే, నోరెలా వచ్చింది? మెయిన్ రోడ్డు మీద దివ్యంగా నడిచే కళ్ళజోళ్ళ షాపు ఆయనది. జోడు పెట్టి, మనిషిని గుమ్మంలోకి తీసుకొచ్చి, "ఆ చివర బోర్డు చదవండి" అనేవాడు. చదివితే జోడు కుదిరినట్టు. నువ్వొచ్చి, మాల్‌లో నాన్న షాపే మొదటిది కావాలని చంకనెక్కి కూర్చున్నావు. ఆయన కరిగిపోయి షాపు అక్కడికి మార్చాడు. తీరా అక్కడ గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏముంది? గోడ! దూరం చూపు పరీక్షించాలంటే దూరమంటూ ఉండాలి కదరా.

…అవును, అందుకే మనుషుల్ని వీధిలోకి తీసుకెళ్ళేవాడు. జోడు వాళ్ళ ముఖాన పెట్టి. నీ వాచ్‌మన్ ఏం చేశాడు? బిల్లు లేని సరుకు గేటు దాటుతోందని నాన్నని ఆపాడు. అందరి ముందూ. జేబులు తడిమాడు. నువ్వు అక్కడే ఉన్నావు, పై మెట్టు మీద, టై సర్దుకుంటూ.

…రూలా? రూల్ పెట్టిందెవరు?

…

నువ్వే కదా.

ఆయన మళ్ళీ ఆ షాపు మెట్టెక్కలేదు. కాళ్ళనొప్పులని చెప్పాడు. నువ్వు నమ్మావు. నమ్మడం నీకు సుఖం కాబట్టి నమ్మావు. ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా?… తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "వాడు వాడి డ్యూటీ చేశాడమ్మా, మంచి మేనేజరవుతాడు" అన్నాడు. గర్వంగా అన్నాడురా! నాకు అదే ఈనాటికీ మండుతుంది.

…

ఏడుస్తున్నావా?… పావురాలా. సరే, పావురాలే అనుకుందాం.

విను. ఫోన్ ఆ మిషన్ డ్రైవర్‌కివ్వు… గేటు తియ్యక్కర్లేదు, ఊచల సందులోంచి ఇవ్వు. ఇవ్వరా.

హలో… బాబూ, లోపలున్న మేనేజర్‌కి అక్కని. పోలీసుల్ని పిలవకండి… పిచ్చి కాదు నాయనా, మాల్. అదే జబ్బు… పొద్దుట్నించీ ఎండలోనే ఉన్నారా? అయ్యో. ఒక్క పని చెయ్యండి, ఆ ఇంజన్ ఆపండి. ఆ చప్పుడు వినేకొద్దీ వాడికి మొండితనం ఎక్కుతుంది… ఆపారా? చల్లగా ఉండండి. ఫోన్ వాడికివ్వండి.

…ఆ. ఆపాడు కదా. ఇప్పుడు గేటు తియ్యి.

…మాల్ లేకపోతే నువ్వెవరివా? ఎవరివీ కాదు. మేనేజర్‌వి కాదు, అంతే. ఈ ఊళ్ళో మేనేజర్లు కానివాళ్ళు బోలెడుమంది నిక్షేపంగా అన్నం తింటున్నారు. మీ ఆవిడకి చెప్పావా పొద్దున ఇలా వెలగబెట్టబోతున్నానని?… చెప్పలేదు. నేనూ చెప్పన్లే.

…మాల్ బాగుండేదని అనమంటావా? ఒక్కసారా? ఛస్తే అనను. బాగుండేది కాదు. నువ్వు తుడిచి తుడిచి బాగుంచావు. అంతవరకే.

తాళం తియ్యి… ఫోన్ పెట్టకు, నాకు వినిపించాలి… తిరగట్లేదా? ఎత్తి తిప్పు… ఆ. వచ్చింది.

బయటికొచ్చావా?… ఆ డ్రైవర్‌కి తాళంచెవి ఇచ్చెయ్. విసరకు, చేతిలో పెట్టు… నేను షాపు మూసి వస్తున్నా. అక్కడే నిలబడు. వెనక్కి తిరిగి చూడకు.

…చూశావా?

చూశావు. నాకు తెలుసు… ఏడవకురా, కూలీలు చూస్తారు…

సరే, ఏడువు. ఆటో వచ్చింది. పెట్టేస్తున్నా.