బండి అయ్యేదాకా

చలికాలం చివర్లో ఒక ఆదివారం, పగలు. తలుపులు మూసిన ముందుగదిలో చెక్కదిమ్మల మీద పాత మోటార్‌సైకిల్. దానికి అటు కోడలు, ఇటు అత్త.

"మళ్ళీ రుద్దాలా? పొద్దున్నుంచి ఇది మూడోసారి అమ్మాయ్."

"గీత పోలేదు అత్తయ్యా. ఇదిగో, ట్యాంకు మూత పక్కన. దీని మీదే రంగేస్తే నాలుగు రోజుల్లో పెచ్చులూడిపోతుంది."

"ఎక్కడే గీత? నాకేం కనిపించట్లేదు."

"కళ్ళద్దాలు పెట్టుకుంటే కనిపిస్తుంది. గరుకు కాయితం తడిపి రుద్దండి, పొడిగా కాదు."

"ఈ చలికి ఆ నీళ్ళలో చెయ్యి పెట్టలేక చస్తున్నా. వేళ్ళు చూడు, ఎలా పగిలాయో."

"నావి చూస్తారా? వారమంతా లేత్ మిషను ముందు, ఆదివారం దీని ముందు. నా వేళ్ళు ఎవరికి చూపించుకోవాలి?"

"నిన్నెవరు పొమ్మన్నారు మిషను పనికి? మొగుణ్ణి ఇంట్లో ఉంచుకోవడం చేతనై ఉంటే..."

"రుద్దండి అత్తయ్యా."

"...హాయిగా కూచుని తినేదానివి. రెండేళ్ళయింది వాడు వెళ్ళి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెళ్ళి బతిమాలావా?"

"మీరు బతిమాలారుగా. ఏమైంది?"

"ఏమైందేమిటి? నన్ను తీసుకెళ్తానన్నాడు! బండి అవనీ అమ్మా, అయిన రోజున వచ్చి దాన్నీ నిన్నూ కలిపి తీసుకుపోతా అన్నాడు. చలి మొదలయ్యే ముందు, ఇదే గదిలో, నీ ఎదురుగానే అన్నాడు. కాదని చెప్పు."

"అన్నాడు. నేనెప్పుడు కాదన్నాను?"

"అన్నాడు ఏమిటే, కట్టుకున్నవాణ్ణి పట్టుకుని?"

"వదిలేసి పోయినవాడికి అంతకంటే మర్యాద నా దగ్గర లేదు. ఆ కాయితం కాదు, సన్నది తీసుకోండి."

"నీ నోరే నీకు శత్రువు. ఈ నోరు చూసే పారిపోయాడు నా తండ్రి."

"మీ నోరు పాతికేళ్ళు విన్నాడు కదా. నాది ఆరేళ్ళకే చేదయిందా?"

"చూశావా, చూశావా! ఒక మాటంటే పది తిరిగొస్తాయి. సరే, నాకెందుకు. ఇంకో వారం. ఆ తరవాత నీ దారి నీది, నా దారి నాది. సంచి కూడా సర్దేసుకున్నా."

"సర్దుకుని మూడు వారాలైంది. రోజూ అందులోంచి ఒక చీర తీసి కట్టుకుంటున్నారు, మళ్ళీ మడిచి పెడుతున్నారు."

"నీకెందుకే నా సంచి సంగతి?"

"నాకెందుకూ లేదు. ఇనప సామానంతా గదినిండా పరిచేసి పోయాడు మీ అబ్బాయి. దీన్ని నిలబెడితే బండీ మీరూ ఒకేసారి కదులుతారని పని మొదలెట్టాను. అంతే నా సంబరం."

"అబ్బో! పని నేర్చినదానివని పొగరు. మీ మావగారు ఎంత అపురూపంగా చూసుకున్న బండి ఇది. ఆ వెనక మడ్‌గార్డుని ఆయన పాత ధోవతితో తుడిచేవారు. దాన్ని రంపం పెట్టి కోసేశావు. నా కడుపు తరుక్కుపోయింది."

"మీ అబ్బాయే కొయ్యమన్నాడు. బొమ్మ గీసిచ్చాడుగా."

"వాడు కొయ్యమన్నాడా? వాడంటే ఏదో ఆలోచించే అని ఉంటాడులే."

"ఊఁ."

"అది సరే. సీటేమిటి ఇంత కిందికి దింపావు?"

"ఇప్పుడు అలాగే పెట్టుకుంటున్నారు."

"మా వాడు ఆరడుగులు! దీని మీద కూచుంటే మోకాళ్ళు గడ్డానికి తగలవూ? నేను కవరు కుడుతున్నప్పుడే అనుకున్నా, ఇంత చిన్న సీటేమిటా అని."

"తగిలితే తగులుతాయి."

"హ్యాండిలు కూడా లోపలికి వంచేశావు. నువ్వు పట్టుకుంటే నీ చేతికి సరిగ్గా అందుతోంది. వాడికి ఇరుగ్గా ఉండదూ?"

"పని చేసేది నేను, పట్టుకు చూసేది నేను. ఆయన కొలతలు ఇచ్చాడా నాకు?"

"అడగొచ్చుగా! ఫోన్ చేసి అడగొచ్చుగా!"

"మీరు అడగండి. మీ ఫోను ఎత్తుతాడుగా."

"ఎత్తుతాడు. ఎత్తడా? పనిలో ఉంటే ఎత్తడు. ఇంతకీ ఇంకేం మిగిలింది దీనికి?"

"రంగు. కార్బొరేటర్."

"ఆ కార్బొరేటర్ ఎప్పుడొస్తుంది?"

"పార్సిల్‌లో రావాలి. చెప్పానుగా. పాత మోడల్, దాని సామాను అంత తొందరగా దొరకదు."

"అది లేకపోతే బండి కదలదా?"

"పెట్రోలు ఇంజన్లోకి వెళ్ళేదే దాని గుండా. ఎలా కదులుతుంది?"

"అంటే, అదొస్తే బండి నడుస్తుంది."

"నడుస్తుంది."

"మరి ఇదేమిటి?"

"...ఎక్కడిది?"

"నేనడిగేది నువ్వు అడుగుతావేం? ఇదేమిటో చెప్పు."

"నా బీరువా తెరిచారా?"

"దుప్పటి కోసం తెరిచా. రాత్రి కాళ్ళు కొంకర్లు పోతుంటే ఇంకో దుప్పటి కోసం తెరిచా. నీ దుప్పట్ల వెనకాల, అట్టపెట్టెలో, గుడ్డ చుట్టి దాచావు. ఇదేనా పార్సిల్‌లో రావాల్సింది?"

"ఇటివ్వండి."

"ఇవ్వను. వాసన చూడు. చూడవే! కొత్త సామానుకి పెట్రోలు వాసన ఎలా వచ్చింది? ఇది బిగించావు. బిగించి, బండి నడిపి, మళ్ళీ విప్పి దాచావు. కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పంపించావే ఆ రోజు! సెలవు దొరకలేదని బొంకావు! పక్కింటావిడ మర్నాడు అడిగింది నన్ను, మీ ఇంట్లో ఏమిటండీ అంత చప్పుడని. పిచ్చిమొహాన్ని, మా కోడలు మిక్సీ మారుస్తానంటోంది లెండి అని చెప్పా!"

"అత్తయ్యా..."

"నెలరోజులైంది ఆ మాటకి! నెల నుంచీ నా చేత ఈ డొక్కు ట్యాంకుని రుద్దిస్తున్నావు. గీత ఉంది, గీత ఉందని. లేని గీత! నువ్వు మనిషివేనా?"

"అరవకండి. కూచోండి."

"కూచోను. ఎందుకు దాచావు?"

"రేపు మాట్లాడుకుందాం."

"రేపు లేదు. నాకు తెలుసు ఎందుకో. నేను పోతే నీకు వంటెవరు చేస్తారు? గిన్నెలెవరు తోముతారు? జీతం లేని పనిమనిషి దొరికింది, సాగదీసినన్నాళ్ళు సాగదీద్దామనుకున్నావు."

"మీ వంటకి జీతం కూడానా? ఉప్పెక్కువైందని ఏ రోజు నోరెత్తలేదు నేను."

"మాట మార్చకు! ఇప్పుడే ఫోన్ చేస్తా. ఇప్పుడే చెప్తా వాడికి. బండి అయిపోయిందిరా, ఇది దాచిందిరా, వచ్చి నన్ను తీసుకుపోరా అని."

"వద్దు. ఫోన్ పెట్టేయండి."

"భయమేస్తోందా? వెయ్యాలి. మోగుతోంది. మోగుతోంది... బుజ్జీ, ఎత్తరా..."

"ఎత్తడు."

"పనిలో ఉంటాడు."

"ఇవాళ ఆదివారం."

"ఆదివారం పనుండకూడదా? ఇంకోసారి చేస్తా. నువ్వు నవ్వకు."

"నవ్వట్లేదు అత్తయ్యా. పెట్టేయండి. నా మాట వినండి, ఈ పెట్టె మీరు చూడలేదు, నేను చూపించలేదు. చేతులు కడుక్కోండి, టీ పెడతా."

"నీ టీ ఎవడిక్కావాలి! నీ జాలి ఎవడిక్కావాలి! ఏం చూసుకునే నీకింత అహంకారం? మొగుడు కాదన్నాడు. పుట్టింటివాళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు. ఎవరికీ అక్కర్లేనిదానివి నువ్వు. అందుకే నన్ను పట్టుకు వేళ్ళాడుతున్నావు. నాకు అలా కాదు. నాకు కొడుకున్నాడు. నా కోసం ఎదురుచూసే కొడుకున్నాడు!"

"అయిందా?"

"అవలేదు. వాడి బండి వాడికివ్వు."

"ఇది వాడి బండి కాదు."

"ఏమన్నావు?"

"వాడి బండి కాదు. ఆ సొరుగు లాగండి. పచ్చ కవరు. తియ్యండి. బండి కాయితం అది. ఓనరు పేరు చదవండి."

"నాకు కనిపించట్లేదు. నువ్వే చదువు."

"నా పేరుంది."

"దొంగ! వాడి సంతకం నువ్వే పెట్టుంటావు!"

"ఆయనే పెట్టాడు. నా ఎదురుగా. మీరు చెప్పారే, నెల క్రితం అని, ఆ వారమే. బండి నడుస్తోందని ఫోన్ చేశాను, మాటిచ్చావుగా వచ్చి బండినీ అమ్మనీ తీసుకుపో అన్నాను. వచ్చాడు."

"వచ్చాడా? ఇక్కడికా? మన ఇంటికా?"

"వీధి చివరిదాకా. కారు దిగలేదు. లోపలికి రమ్మన్నాను. అమ్మ చూస్తే ఏడుస్తుంది, వద్దన్నాడు."

"నేనెక్కడున్నాను? ఇంట్లోనే ఉన్నానుగా! ఏం చేస్తున్నా నేను?"

"సీటు కవరు కుడుతున్నారు. కిటికీ తెరిచి ఉంది, కుట్టుమిషను చప్పుడు అక్కడిదాకా వినిపించింది. ఇంకా కుడుతూనే ఉందా అని నవ్వాడు."

"నవ్వాడా..."

"ఇంకా అవలేదని చెప్పు అన్నాడు. ఎన్నాళ్ళు చెప్పను అంటే, చెప్పగలిగినన్నాళ్ళు అన్నాడు. అందుకే విప్పి దాచాను. అందుకే లేని గీతలు రుద్దించాను. ఇక నా వల్ల కాదు."

"ఆవిడ... ఆవిడ వద్దని ఉంటుంది. వాడు కాదు. ఇప్పుడు వాడితో ఉంటున్నావిడ. వాడికి తల్లంటే ప్రాణం."

"కారులో ఆయన ఒక్కడే ఉన్నాడు."

"నా గురించి ఏమీ అడగలేదా? కళ్ళెలా ఉన్నాయనీ, చలికి మోకాళ్ళు నొప్పులేమో అనీ, ఏమీ? ఒక్క మాటైనా అడిగి ఉంటాడే. చెప్పు. దాచకు. అడిగాడా లేదా?"

"అడిగాడు."

"అడిగాడా! చూశావా! ఏమని అడిగాడు?"

"బండి నా పేర రాసిస్తే, మిమ్మల్ని ఉంచుకుంటానా అని."