కప్పు మీది యాంటెన్నా

గాలి హోరు తగ్గాక కోడలు ఇంట్లోని తన ఆఫీసు గదిలోకి తొంగి చూసి, తిరిగొచ్చి మళ్లీ తాము దాక్కున్న బాత్‌టబ్‌లో అత్తగారి పక్కనే కూర్చుంది. అమెరికాలో ఈ బెంటన్‌విల్‌కి వచ్చాక కోడలు చూసిన మొదటి టోర్నడో, ఇళ్లను కూల్చే సుడిగాలి, అది.

“నా కుర్చీ నిండా కిటికీ గాజు ముక్కలే, అత్తయ్యా. మీరు లాక్కురాకపోతే నేనింకా మీటింగ్‌లోనే ఉండేదాన్ని. హెడ్‌సెట్ పెట్టుకున్నానేమో, ఊళ్లో మోగిన హెచ్చరిక సైరన్ కూడా వినపడలేదు. మీకెలా తెలిసింది?”

“టీవీలో చూశాను.”

“అదంతా ఇంగ్లీషే కదా.”

“మాటలతో నాకేం పని? వాతావరణం బొమ్మ రోజూ చూస్తాను. ఆ మెలికలు తిరిగిన లేక్ పక్కనే మన ఊరని అబ్బాయి చూపించాడు. యాంటెన్నా పెట్టించాక లేక్ ఒడ్డు కూడా అద్దంలో చూసినట్టు కనపడుతోంది. ఇవాళ ఎర్రటి మచ్చ దాని మీదికే వస్తోంది. ఇంకేం, లేచి నీ దగ్గరికి పరిగెత్తాను.”

కేబుల్ తీసేయించి, ఇంటి కప్పు మీద ఆ యాంటెన్నా పెట్టించింది కోడలే.

“మీకు తెలుగు చానళ్లు లేకుండా చేశానని ఎంత బాధపడ్డానో, అత్తయ్యా.”

అత్తగారు దుప్పటిని కోడలి భుజాల మీదికి లాగారు.

“అవే ఉంటే, ఈ వేళప్పుడు సీరియల్ చూస్తూ కూర్చునేదాన్ని తల్లీ.”