హర్షెల్ టిబెట్స్‌కి లైసెన్సు వచ్చిన రోజు

మా ఊరి పెట్రోలు బంకు పక్కన కాఫీ, రొట్టెలు అమ్మే కొట్టు నాది. పొద్దున్నే వచ్చేవాళ్లలో హర్షెల్ టిబెట్స్ నోరు తెరిచాడంటే మిగతావాళ్లు తాగే కప్పు పక్కన పెట్టాల్సిందే.

ఆ రోజు చర్చి పెద్ద గ్రిగ్స్ గారు అతని కోసమే వచ్చారు. చర్చి కింద గదుల్లో పసిపిల్లల్ని పగటిపూట చూసుకుంటున్నారు. అక్కడ మంటల అలారం పెడితే గానీ ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడట. అది లైసెన్సున్న మనిషే పెట్టాలట. ఇంటి దీపాలకీ మోటార్లకీ ఇచ్చే లైసెన్సు కాదు, లో వోల్టేజి లైసెన్సు అని వేరే ఉంటుంది మా జార్జియా రాష్ట్రంలో. అలారాలు, కెమెరాలు, ఫోను తీగలు, అలాంటి సన్న కరెంటు పనులకి. మా ఊళ్లో ఆ పని చేసినవాళ్లు ఇద్దరే, హర్షెల్, అతని జోడీదారు రాండాల్ పీవీ. రాండాల్ ఫిబ్రవరిలో పోయాడు.

గ్రిగ్స్ గారు పెన్ను తీసి, "నీ లైసెన్సు నంబరు చెప్పు హర్షెల్, రాసుకుంటాను" అన్నారు.

"నంబరెక్కడికి పోతుందండీ గ్రిగ్స్ గారూ, చెప్తాను. ముందసలు అది నాకెలా వచ్చిందో వినండి. ఇప్పుడు మేకన్ పట్నం నుంచి దిగే కుర్రకుంకలకి తీగ ఎటు లాగాలో తెలీదు, చొక్కా మీద పేరు మాత్రం కుట్టించుకుంటారు. ఆ రోజుల్లో అలా కాదు. పరీక్ష మేకన్లోనే. రాండాలూ నేనూ తెల్లారి బండేసుకుని పోయాం. పుస్తకం చూసి రాయొచ్చు ఆ పరీక్ష, అందుకని ఒక్కొక్కడూ ఇటుకంత పుస్తకం చంకలో పెట్టుకొచ్చాడు. నేను ఉత్త చేతుల్తో పోయాను. ఎందుకంటే మీసం మొలవకముందు నుంచీ అటకల మీద పాకినవాణ్ణి, నాకు పుస్తకమేమిటి? వాళ్లింకా పేజీలు తిప్పుతుంటే నేను రాసేసి పెన్సిలు చెవిలో పెట్టుకున్నాను."

"అంతవరకూ నమ్ముతాం" అన్నాడు ఎమెట్. లారీలు నడిపి మానేసిన ముసలాడు, ఎప్పుడూ గోడవారన కూర్చుంటాడు.

"నమ్మక చస్తావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ హాల్లో ఉన్న అలారమే మోగడం మొదలెట్టింది. పొగ లేదు, మంట లేదు, చెవులు చిల్లులు పడేలా ఒకటే మోత. పరీక్ష పెట్టే దొరలందరూ టైలు వదులు చేసుకుని గోడల వెంట తిరుగుతున్నారు గానీ ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఒక్కడికీ తెలీదు. నేను లేచి వెళ్లి గోడకి చెవి ఆనించాను. తీగలో కరెంటు ఎక్కడ తడబడుతోందో నాకు వినపడుతుంది, నీకు నీ పెళ్లాం తిట్లు ఎంత స్పష్టంగా వినపడతాయో అంత. మెట్ల కింద ఎలుక కొరికింది. ఇంకా కొరుకుతూనే ఉంది. దాని పళ్ల చప్పుడు కూడా విన్నాను."

"మగ ఎలుకా, ఆడదా?" అన్నాడు ఎమెట్.

"ఆడది. కడుపుతో ఉంది, అందుకే చంపలేదు. వేలు పెట్టి మెల్లిగా పక్కకి జరిపి, తెగిన రెండు కొసలూ పంటితో మెలేశాను. మోత ఆగింది. హాలంతా లేచి నిలబడ్డారు."

గ్రిగ్స్ గారు నవ్వారు గానీ పెన్ను మూత పెట్టలేదు. "మంచిదే. మరి నంబరు?"

"వస్తున్నానండీ, అక్కడికే వస్తున్నాను. అక్కడి పెద్దాఫీసరు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. గవర్నరు గారి బంగళాలో కూడా ఇదే గోలట, దొంగల అలారం ఆగకుండా మోగుతోందట, ఆయన భార్య దిండు నెత్తిన పెట్టుకుని పుట్టింటికి పోతానంటోందట. అట్లాంటాలో ఉన్న కంపెనీలన్నీ చేతులెత్తేశాయి. నన్ను హెలికాప్టర్లో ఎక్కించారు. బయట చూస్తే జోరున వాన, ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకి మెరుపులు."

"ఆ వానలోనా?"

"పైలట్టూ అదే అడిగాడు. నువ్వు జరుగు, నేను నడుపుతానన్నాను."

అప్పుడే తలుపు తోసుకుని ఓలీన్ పీవీ లోపలికి వచ్చింది, రాండాల్ భార్య. మనవరాలిని చర్చి కింద గదిలో దింపి, రోజూ ఆ వేళకి వస్తుంది. హర్షెల్ ఆమెని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే తల ఊపి కూర్చుంది. అతని గొంతు ఇంకా పెద్దదయింది.

"బంగళా కప్పు మీద దిగాను. తీగ పైనుంచి కింది దాకా లాగాలి. గోడ తొలుస్తామంటే గవర్నరు గారు ఒప్పుకోలేదు, పాత కాలపు గోడలట. సరే, వాళ్ల పిల్లి తోకకి తీగ కట్టి సందులోంచి వదిలాను, కింద వంటగదిలో కోడికూర మూత తీసి పెట్టమన్నాను. రెండు అంతస్తులూ అది లాగేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను కప్పు మీద నిలబడి చివరి ముడి వేస్తుంటే పిడుగు పడింది. ఎక్కడో కాదు, నా కుడిచేతి మీద. ఇంకోడైతే బొగ్గయిపోయేవాడు. నేను పళ్లు బిగించి దాన్ని ఒంట్లోనే కాసేపు ఆపాను. దాని పొగరణిచి, మెల్లిమెల్లిగా తగ్గించి, ఎడమచేతి నుంచి తీగలోకి వదిలాను. నా ఒంట్లోంచి బయటికి వచ్చేసరికి పిడుగు కూడా లో వోల్టేజి అయిపోయింది! ఆ శీతాకాలమంతా అట్లాంటాలో అలారాలన్నీ ఆ కరెంటు మీదే నడిచాయి. గవర్నరు గారు తడిసిన చొక్కాతోనే అక్కడే సంతకం పెట్టి లైసెన్సు నా చేతిలో పెట్టారు. పేపరు దిద్దనే లేదు."

ఎమెట్ బల్ల మీద చరిచి నవ్వాడు. నేనూ నవ్వాను. గ్రిగ్స్ గారు కూడా కళ్లు తుడుచుకుని, "సరేనయ్యా, నిన్నే పెడతాం. సోమవారం మొదలెట్టు. నంబరు తర్వాత ఇద్దువులే" అని పెన్ను జేబులో పెట్టబోయారు.

"అతనికి నంబరు లేదు" అంది ఓలీన్.

ఆమె గట్టిగా కూడా అనలేదు. హర్షెల్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది.

"మీ పని బండి మీద రాసున్న లైసెన్సు నంబరు రాండాల్‌ది. మనిషితోనే పోయింది. పరీక్ష రాసింది రాండాల్ ఒక్కడే."

"ఓలీనమ్మా, ఇప్పుడవన్నీ..."

"ఇన్నాళ్లూ అనలేదు హర్షెల్. నిన్ను నవ్వులపాలు చెయ్యొద్దని రాండాల్ నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇద్దరం పాసయ్యామని ఊళ్లో చెప్పింది కూడా అతనే. అతనుండగా ప్రతి పనీ దగ్గరుండి చూసుకున్నాడు, సంతకం అతనే పెట్టాడు, నీ మాటల వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. ఇప్పుడు ఆ కింద గదిలో నా మనవరాలు నిద్రపోతుంది."

"నేను పెట్టిన అలారం ఎప్పుడైనా మోగకుండా ఉందా?" అన్నాడు హర్షెల్. అతని గొంతు మారిపోయింది. "చెప్పు. ఒక్కటి చూపించు. ఆ నిచ్చెనల మీద మోకాళ్లు అరగదీసుకున్నది నేను కాదా? ఇన్నేళ్ల పనికి ఒక కాయితం ముక్క లేదని..."

"పని నీకు రాదని నేననలేదు. ఆ కాయితం కోసమే కదా మేకన్ దాకా వెళ్లాం. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశావు."

"రాండాల్ అలా చెప్పాడా నీకు?"

"రాండాల్ చెప్పడమేమిటి? నేనూ వచ్చాను కదా ఆ రోజు. రాండాల్ రాసి వచ్చేదాకా నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు చెప్పీ చెప్పీ నన్ను ఆ కథలోంచి తీసేశావు."

ఎమెట్ కప్పులోకి చూస్తున్నాడు. గ్రిగ్స్ గారు లేచి టోపీ పెట్టుకున్నారు. పరీక్ష ఇప్పటికీ పెడుతున్నారు కదా, రాసిరా, వచ్చే ఏడు ఇంకో పని ఉంటుంది అని మెల్లిగా అన్నారు. ఈ పనికి మాత్రం మేకన్ వాళ్లనే పిలవక తప్పదని చెప్పి వెళ్లిపోయారు. పిలిచారు కూడా. ఆ వారమే వాళ్ల బండి వచ్చి చర్చి ముందు ఆగింది.

ఆ రోజు ఆయన వెనక తలుపు మూసుకున్నాక నేను ఖాళీ కప్పులు తీయడం మొదలుపెట్టాను. హర్షెల్ ఎవరివైపూ చూడకుండా, "మెరుపులు మాత్రం నిజం" అన్నాడు.

"నిజమే" అంది ఓలీన్. "బండి అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాం."