వట్టికాళ్ళతో నడిపిన బండి

కోర్టు వెనక సందులో లాయరమ్మ గది. బల్లకి ఇవతల, శవాల బండి నడిపి మానేసిన పెద్దాయన, ఆయన కోడలు.

"అది కాదు పెద్దాయనా, మీ అబ్బాయి మంచివాడని చెప్తే సరిపోదు. ఈ కేసుల్లో మంచివాళ్ళకీ బెయిలు రాదు."

"మరి ఎవరికొస్తుంది లాయరమ్మా?"

"జడ్జిగారు రెండు మాటలు నమ్మితే వస్తుంది. ఈ నేరం ఇతను చెయ్యలేదనుకోడానికి గట్టి కారణం ఉందని ఒకటి. బయటికొస్తే మళ్ళీ ఇలాంటి పని చెయ్యడని ఇంకొకటి. రెండూ ఉండాలి. ఒకటుండి ఒకటి లేకపోతే ఏమీ లేనట్టే."

"విచారణే మొదలవలేదు కదమ్మా. ఒక్క సాక్షి నోరు విప్పలేదు. చెయ్యలేదని ఇప్పుడే ఎలా తేలుస్తారు?"

"తేల్చరు. నమ్మడానికి వీలుందా అని చూస్తారు."

"ఆ వీలు చూపించాల్సింది మనమా?"

"మనమే. మామూలు కేసుల్లో తలుపు ఓరగా వేసి ఉంటుంది. మత్తుమందు కేసు, అందులోనూ శవం పెట్టెలో ఇంత పెద్ద మొత్తం దొరికితే, గడియ పెట్టే ఉంటుంది."

"దేవుడి దగ్గరే నయం. మనసులో ఏముందో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు."

"దేవుడి దగ్గర బెయిలు లేదు పెద్దాయనా. శిక్షే."

"మామయ్యా, మేడమ్‌ని చెప్పనివ్వండి."

"చెప్పొద్దన్నానా అమ్మాయ్? తెలీక అడుగుతున్నాను."

"అడగండి, పర్లేదు. మీ అబ్బాయి ఏమంటాడంటే, పెట్టెలో శవం ఉందని చెప్పి మార్చురీ మనిషి ఎక్కించాడు, మూతకి మేకులు కొట్టి ఉన్నాయి, పైన పేరు రాసిన చీటీ ఉంది, కాగితాలు ఇచ్చారు, నేను తెరవలేదు అంటాడు. డ్రైవరు పెట్టె తెరవడు కదా?"

"తెరవకూడదు. అది పాపం."

"పాపం సంగతి అలా ఉంచండి. ప్రభుత్వం లాయరు లేచి, బండి అతనిది, తాళం అతనిది, తెలియకుండా ఎలా ఉంటుందంటాడు. తెలియదని ఊరికే అంటే జడ్జిగారు వినరు. లోపల శవమే ఉందని ఇతను నిజంగా అనుకున్నాడని చూపించాలి. ఎక్కడా ఏమీ దొరక్క నిన్నటిదాకా జుట్టు పీక్కున్నాను. ఇదిగో, ఈ ఫొటో. పోలీసులు తీసిందే."

"కళ్ళు ఆనవమ్మా నాకు. అమ్మాయ్, ఏముంది అందులో?"

"ఆయన్ని బండి పక్కన నిలబెట్టారు మామయ్యా. చేతులు వెనక్కి కట్టి."

"చేతులు కాదు, కాళ్ళు చెప్పమ్మా."

"కాళ్ళకి చెప్పుల్లేవు."

"అదీ! పారిపోబోతే జారిపోయాయని పోలీసులు రాశారు. కానీ చెప్పులు దొరికింది డ్రైవరు సీటు కింద, గుడ్డలో చుట్టి. పారిపోయేవాడు చెప్పులు గుడ్డలో చుట్టి పెట్టి పారిపోతాడా? జైలుకెళ్ళి మీ అబ్బాయినే అడిగాను. శవం ఉంటే చెప్పులు విప్పి నడపడం మా నాన్న నేర్పిన పద్ధతి అన్నాడు."

"అలా అన్నాడా? మా నాన్న నేర్పింది అన్నాడా?"

"అన్నాడు. మీ పద్ధతేనా?"

"నాదే. ఎవరూ నేర్పలేదు. వెనకున్నవాళ్ళు ఏమీ తొడుక్కోకుండా పోతున్నారు, నేనొక్కణ్ణీ తొడుక్కుని కూర్చోడమేమిటి అనిపించేది. ఎండాకాలం పెడల్ కాలి బొబ్బలెక్కేవి. అయినా వేసుకోబుద్ధయ్యేది కాదు."

"ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు?"

"వేసుకునేవాణ్ణి. ఖాళీ బండికి మర్యాదేమిటమ్మా?"

"చాలు పెద్దాయనా, బతికించారు! శవం ఉంటేనే విప్పుతారు. అతను విప్పాడు. అంటే శవం ఉందనే అనుకున్నాడు. మీ అబ్బాయి ఎప్పుడూ ఇలాగే నడిపేవాడని మీరు ప్రమాణం చేసి సంతకం పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"ప్రతిసారీ నేను పక్కన కూర్చోను కదమ్మా."

"కూర్చున్నప్పుడు చూశారుగా?"

"చూశాను."

"ఏం చూశారు?"

"కాసిని మంచినీళ్ళుంటే ఇస్తారా?"

"చూశారు మేడమ్. మామయ్యగారూ చూశారు, నేనూ చూశాను. రాసెయ్యండి మీరు."

"నువ్వు చెప్తే భార్య కాబట్టి చెప్పిందంటారమ్మా. ఆయన నడిపిన బండి గురించి ఆసుపత్రిలో ఎవరినడిగినా చెప్తారు, అందుకే ఆయన మాట కావాలి. ప్రమాణం చేయించే నోటరీ పక్క గదిలోనే ఉన్నాడు. కాగితం టైపు చేయించి అతన్ని తీసుకొస్తాను. ఈలోగా మీరిద్దరూ ఒక మాట మీదికి రండి."

లాయరమ్మ బయటికి వెళ్ళింది.

"ఏమిటి మామయ్యా ఇది? ఒక్క మాట అనడానికి ఇన్ని నీళ్ళు నమలాలా?"

"నెమ్మదిగా మాట్లాడమ్మాయ్."

"నెమ్మదిగానే ఉన్నాను ఇన్నాళ్ళూ. పిల్ల తలుపు చప్పుడైతే చాలు, నాన్నొచ్చాడని పరిగెడుతోంది. ఈ బెయిలు పోతే కేసు తేలేసరికి అది వాళ్ళ నాన్న మొహం మర్చిపోతుంది."

"నాకు మాత్రం కొడుకు కాదా వాడు?"

"మరి సంతకానికేం?"

"వాడు ఏనాడూ విప్పలేదమ్మా."

"ఏమిటి?"

"చెప్పులు. ఒక్కసారి కూడా విప్పలేదు. పని నేర్పుతూ పక్కన కూర్చున్నన్నాళ్ళూ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. చచ్చినవాళ్ళకి నా కాళ్ళు కనిపిస్తాయా నాన్నా అని నవ్వేవాడు. వెనక తల్లి శవం దగ్గర బిడ్డలు ఏడుస్తుంటే ముందు పాటలు పెట్టుకున్న మనిషి వాడు. ఆ రోజు పక్కనుండి దిగిపోయాను, మళ్ళీ ఎక్కలేదు."

"అదంతా ఇప్పుడెవరడిగారు మామయ్యా?"

"ప్రమాణం చెయ్యమంటున్నారు కదమ్మా. ఎప్పుడూ విప్పేవాడని దేవుడి పేరు చెప్పి ఎలా అననూ?"

"దేవుడికి కొడుకు లేడా? ఆయనకి తెలీదా తండ్రి బాధ?"

"తెలుసనే అనుకుంటాను. తెలిసి కూడా ఎందుకు ఇలా నిలబెట్టాడో మరి. రాత్రంతా అదే అడిగాను ఆయన్ని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, తెల్లవార్లూ నన్ను గోల పెట్టనిచ్చాడు. ఆగు, ఆ పెట్టె మీద చీటీలో పేరెవరిది?"

"పేరేదైతేనేం?"

"చెప్పవే తల్లీ."

"ఎవరో చిన్నపిల్లది. నాలుగేళ్ళని రాశారట."

"నాలుగేళ్ళా? మన పిల్ల ఈడు!"

"అయితే?"

"అర్థం కాలేదూ నీకు? ఎన్నడూ విప్పనివాడు ఆ రోజే ఎందుకు విప్పాడు? చీటీ చూసి ఉంటాడు. లోపల చిన్నపిల్ల ఉందనుకున్నాడు. మన పిల్ల కళ్ళముందు మెదిలి ఉంటుంది. ఎంత మొండి గుండె అయినా కరగదూ? పాపిష్టివాణ్ణి, నా కొడుకుని నేనే అనుమానించాను!"

"మామయ్యా."

"మా నాన్న నేర్పిందని ఎందుకన్నాడనుకున్నావ్? అప్పటికి బుద్ధొచ్చింది వాడికి. లాయరమ్మతో చెప్తాను, ఎప్పుడూ విప్పేవాడని రాయొద్దని. ఆ ఒక్క రోజూ భయభక్తులతో విప్పాడని రాయమంటాను. అది నిజం. నిజం మీద ఎన్ని ప్రమాణాలైనా చేస్తాను. ఏడవకు, వాడొచ్చేస్తాడు. ఆవిణ్ణి పిలు."

"పిలవను."

"చెయ్యి వదులు, నేనే వెళ్తాను."

"సంతకం పెట్టకండి మామయ్యా."

"అదేమిటే! ఇందాకటి నుంచీ నా ప్రాణం తోడేశావు కదా పెట్టమని?"

"అబద్ధమని తెలిసే పెడతారనుకున్నాను. పిల్ల కోసం పెడతారు, ఆ పాపం నేను పంచుకుందాం అనుకున్నాను. నిజమని నమ్మేసి, ఇలా మొహం వెలిగిపోతూ ఒట్టేస్తుంటే నేను చూళ్ళేను."

"నిజం కాదని నువ్వెలా అంటావు?"

"వదిలెయ్యండి."

"వాడు పిల్లని తలుచుకోలేదంటావా? చెప్పమ్మాయ్. మరి ఎందుకు విప్పాడు?"

"వట్టికాళ్ళు కనిపిస్తే లోపల శవమే ఉందని నమ్మి చెక్‌పోస్టులో మారుమాట లేకుండా గేటు ఎత్తేస్తారని మీరే కదా మురిసిపోతూ చెప్పేవారు. ఆ పొద్దున ఆయన బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపి, చెప్పులు విప్పించి, గుడ్డలో చుట్టి ఇచ్చి పంపింది నేనే."