పువ్వుకైతే మంచిది

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టు. లోపల ఇద్దరు: మూడో అంతస్తు వాళ్లమ్మాయి, వేరే దేశం నుంచి చదువుకోడానికి వచ్చి నాలుగో అంతస్తులో అద్దెకుంటున్న అమ్మాయి.

"...మెల్లగా. ముక్కుతో పీల్చు, నోటితో వదులు. పైన జాలీ ఉంది చూడు, గాలి వస్తుంది. ఆ బటన్ నొక్కింది చాలు."

"మీకు... మీకు తెలుగొచ్చా?"

"ముందు గాలి పీల్చు."

"పీల్చాను. మీకు తెలుగొచ్చా?"

"కొంచెం."

"ఇది కొంచెమా? మూడేళ్ల నుంచీ మా పైనే ఉంటున్నారు, ఒక్కరోజు కూడా..."

"ఎవరూ అడగలేదు."

"పాపా, లోపల ఎవరున్నారు?"

"నేనే, వాచ్‌మన్ తాతా. నాలుగో అంతస్తు ఆవిడ కూడా ఉన్నారు. ఇంకా ఎంతసేపు?"

"మెకానిక్ దారిలో ఉన్నాడమ్మా. పది నిమిషాలు."

"ఇందాకా పది నిమిషాలే అన్నావు."

"అవే పది నిమిషాలు. మీ అమ్మగారికి చెప్పొస్తా, కంగారుపడకు."

"అమ్మకి ఇప్పుడే చెప్పకు. తాతా... వెళ్లిపోయాడు. అయిపోయింది నా పని."

"అమ్మకి ఎందుకు చెప్పొద్దు? అన్నట్టు, నిన్ను నువ్వు అనాలా, మీరు అనాలా? నాకు సరిగా తెలీదు. నాతో ఎవరూ రెండూ అనలేదు."

"మరేమంటారు?"

"'అది' అంటారు. 'అదొస్తోంది, తలుపేసెయ్.' చాలా రోజులు లిఫ్టు గురించి అనుకున్నాను."

"...నువ్వు అనండి."

"అయితే నన్నూ నువ్వనే అను. ఇప్పుడు చెప్పు, అమ్మకి ఎందుకు వద్దు?"

"పైకెళ్తే జవాబు చెప్పాలి. ఐదింటికల్లా సీటు ఖాయం చేసుకోవాలి. నీలాగే, వేరే దేశంలో చదువు. నాన్న ఆఫీసులో అందరికీ చెప్పేశారు. అమ్మ పెద్ద పెట్టె కొనేసి, దాని మీద నా పేరు కూడా రాయించింది. వెళ్లనంటే ఆ ఇంట్లో ఉండలేను. వెళ్తే అక్కడ ఉండలేను. గంట నుంచీ కింద సైకిళ్ల దగ్గర కూర్చున్నా. సరే, ఏదైతే అదవుతుందని ఎక్కితే ఇదీ ఆగింది."

"అక్కడ ఎందుకు ఉండలేవు?"

"అక్కడివాళ్లు నన్నెలా చూస్తారో ఏమో."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అనక్కర్లేదు, నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. వాళ్ల మధ్య నిలబడి ఉంటాను. నా ముందే వాళ్ల భాషలో ఏదో అనుకుంటారు, నవ్వుకుంటారు. నా గురించో కాదో తెలీదు. అడగలేను. నేను కూడా పిచ్చిదానిలా వాళ్లతోపాటు నవ్వాలి. అలా రెండేళ్లు. వాళ్ల భాషలో నాకొచ్చినవి మూడు మాటలు. థాంక్స్, సారీ, తెలీదు."

"ఆ మూడుతోనే నేను మొదటి ఏడాది గడిపాను."

"జోకులెయ్యకు. నాకు నిజంగా భయంగా ఉంది. నువ్వే చెప్పు, అలా ఉంటుందా?"

"బస్సులో నా పక్క సీటు చివరి స్టాపు దాకా ఖాళీగా ఉంటుంది. జనం నిలబడతారు, కూర్చోరు."

"ఏ ఊళ్లో?"

"ఈ ఊళ్లో. ఇందాక కూడా."

"ఇక్కడా? ఇక్కడ మనవాళ్లు అలాంటి... సరే, చెప్పు."

"భాష నేను ఈ లిఫ్టులోనే నేర్చుకున్నాను. రోజుకి నాలుగుసార్లు ఎక్కుతాను. నాకు రాదనుకుని అందరూ నా ముందే మాట్లాడతారు. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి అల్లుడు ఉద్యోగం మానేశాడో, అన్నీ తెలుసు. మొట్టమొదట నేర్చుకున్న మాట, వాసన."

"వాసనా?"

"ఒకావిడ పొద్దున్నే ఎక్కేవారు. నన్ను చూడగానే 'వాసన' అనేవారు. పైకెళ్లి పుస్తకంలో చూశాను. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం. ఒకమ్మాయి పువ్వు పట్టుకుని కళ్లు మూసుకుంది, కింద వాసన అని రాసుంది. నేను తలకి మా అమ్మ పంపిన నూనె రాసుకుంటాను. ఆవిడకి నచ్చిందనుకున్నాను."

"అయ్యో."

"మర్నాడు ఇంకొంచెం ఎక్కువ రాసుకున్నాను. ఆవిడ ఇంకా గట్టిగా అన్నారు. నాకు ఇంకా సంతోషం. వారం రోజులు అలాగే. సీసా అడుగంటింది."

"ఆపు. ఇంక చెప్పకు."

"తర్వాత వాచ్‌మన్ తాతని ఆ ఒక్క మాటే అడిగాను. పువ్వుకైతే మంచిదమ్మా, మనిషికైతే కాదు, అన్నాడు. అప్పుడు కూడా నా మొహం చూడలేదు, గేటు వైపు తిరిగి చెప్పాడు."

"ఎవరావిడ?"

"గుర్తులేదు."

"అల్లుళ్ల సంగతులు గుర్తున్నాయి, ఇది గుర్తులేదా? ఏ అంతస్తు?"

"లిఫ్టు అందరూ ఎక్కుతారు."

"రెండో అంతస్తు టీచరమ్మేనా? ఆవిడ నోటికి అడ్డూ అదుపూ ఉండదు."

"టీచరమ్మ మంచివారు."

"పాపా, మెకానిక్ వచ్చేశాడు. మేడ మీదికెళ్తున్నాడు."

"సరే తాతా... చెప్పు, ఎవరు? మొహం మీదే అడిగేస్తాను. కడిగిపారేస్తాను."

"ఆవిడ మాటకి నాకేం లేదు. నిజంగానే ఆ నూనె పడదేమో. పక్కన ఇంకొకరు నవ్వేవారు. అదే..."

"అదే?"

"ఆ నవ్వు కోసమే భాష నేర్చుకున్నాను. దేనికి నవ్వుతున్నారో తెలిస్తే నేనూ నవ్వొచ్చు కదా అని."

"ఛీ. ఎలాంటి మనుషులు."

"మామూలు మనుషులే. పక్కవాళ్లు అన్నారు కదా అని నవ్వుతారు. లిఫ్టు దిగేసరికి మర్చిపోతారు."

"మామూలువాళ్లు అలా నవ్వరు. నేనైతే సిగ్గుతో చచ్చిపోతాను... ఏంటి, నన్నలా చూస్తున్నావు?"

"ఏం లేదు. గాలి సరిగా ఆడుతోందా?"

"మాట మార్చకు. నీకు తెలుగొచ్చని ఒక్కసారి తెలిస్తే చాలు, అందరూ నోళ్లు మూసుకుంటారు. ఇవాళే అమ్మకి చెప్తాను, గంటలో బిల్డింగంతా..."

"వద్దు."

"ఎందుకు?"

"నోళ్లు మూసుకుంటారు కనక. నా గదిలో మాట్లాడేవాళ్లు లేరు. క్లాసులో పాఠాలు తప్ప మాటల్లేవు. రోజంతా నేను వినే మనుషుల గొంతులు ఈ లిఫ్టులోవే. తిట్టుకున్నా సరే. అవి కూడా పోతే నాకు చాలా కష్టం. ఎవరికీ చెప్పనని చెప్పు."

"అమ్మకి కూడా చెప్పొద్దా?"

"ఎవరికీ. చెప్పనని చెప్పు."

"చెప్పను. ఒట్టు."

"కదిలింది. ఆ రాడ్ పట్టుకో."

"ఆగు, నేను వెళ్లనా, వద్దా? ఒక్క మాట చెప్పు. పరాయి దేశంలో ఎలా ఉంటుందో నీకు తప్ప ఈ బిల్డింగులో ఎవరికీ తెలీదు."

"నన్నడగకు."

"ఇంకెవర్ని అడగను?"

"తలుపు తెరుచుకుంటోంది. ఇంక నాకు తెలుగు రాదు."

"వచ్చావా తల్లీ. ఇప్పటికి నా ప్రాణం లేచొచ్చింది. పద పద, నాన్న కంప్యూటర్ ముందే కూర్చున్నారు, వెళ్తున్నానని చెప్పెయ్... ఓహో, ఇంతసేపూ దీనితోనా ఇరుక్కుపోయావు? నీ ముక్కు ఇంకా ఉందా, ఊడిపోయిందా?"

"అమ్మా."

"ఏంటే?"

"మెల్లగా మాట్లాడు."

"దానికేం అర్థమవుతుందిలే. ఏమే, నవ్వవేం? రోజూ నవ్వుతావుగా."